కుడి చెంప

మార్చి 4

తాళంచెవి ఇవ్వను.

ఇవాళ పొద్దున్నే మరిది వచ్చి, కొట్లో ఆయన కూర్చునే పీట మీద కూర్చున్నాడు. తోడబుట్టినవాడు, కూర్చోకూడదని కాదు. కూర్చుని గోడలకేసి చూసిన చూపు నాకు నచ్చలేదు. ఏ మూల ఏం సర్దాలో అప్పుడే ఆలోచించుకుంటున్నాడు.

"వదినా, అన్నయ్య లేచి తిరిగేదాకా కొట్టు నాకు వదిలెయ్. తాళంచెవి నా దగ్గరుంచు. మిషను మీద చేసిన సుత్తి పిడులు తెప్పిస్తా. వార్నిష్ వేసి అద్దంలా మెరుస్తుంటాయి. నువ్వు లోపల అన్నయ్యని చూసుకుంటే చాలు. ఈ గీకుళ్ళూ తోముళ్ళూ నీకెందుకు?"

నాకెందుకా! ఇన్నేళ్ళూ గీకిందీ తోమిందీ ఎవరనుకున్నాడో. ఆయన బాడిసతో చెక్కి వదిలేసేవారు. ఆ తరవాత గాజుపెంకుతో గీకడం, తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగు ఆరాక మళ్ళీ గీకడం, అవిసె నూనె వెచ్చబెట్టి పట్టించడం, అది పీల్చుకున్నాక మళ్ళీ పట్టించడం, అన్నీ నేనే. చివర్లో మాత్రం ఆయన పని. పిడిని కుడి చెంపకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా తిప్పుతూ లాగేవారు. బాగుంటే "పో" అనేవారు, నాతో కాదు, పిడితో. లేకపోతే "ఇంకా ఉంది" అని నా ఒళ్ళో పడేసేవారు. అరచేత్తో చూస్తే సరిపోదా అని ఎవరైనా అడిగితే, "కాయలు కాసిన చెయ్యి అబద్ధం చెబుతుంది, చెంపకి అబద్ధం చాతకాదు" అనేవారు. మామగారూ అంతే. చెంపకు ఆనకుండా ఈ కొట్లోంచి పిడి బయటికి రాదని చుట్టుపక్కల సుత్తీ గొడ్డలీ పట్టే వాళ్ళందరికీ తెలుసు.

మరిది మాట్లాడుతుండగానే క్వారీ మేస్త్రి వచ్చాడు. ఆయన పక్షవాతం వచ్చి పడిపోకముందు మేస్త్రి కోసం చెక్కిపెట్టిన సమ్మెట పిడులు గోడకు నిలబెట్టి ఉన్నాయి. వాటి సంగతేమిటని అడగడానికి వచ్చాడు పాపం. అతన్ని కూడా కూర్చోబెట్టి వార్నిష్ పురాణం మొదలుపెట్టాడు మరిది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ పిడులు నేను పూర్తిచేసి ఇస్తాను. ఎప్పట్లాగే మీ అన్నయ్య చెంపకు ఆనించాకే పంపిస్తాను. వాటిలో ఒక్కటంటే ఒక్కటి తిరిగొచ్చినా తాళంచెవి తెచ్చి నీ చేతిలో పెడతా. మేస్త్రి సాక్షి" అన్నాను.

"నన్నెందుకక్కా మధ్యలోకి లాగుతావు" అని నసిగాడు మేస్త్రి.

మరిది నవ్వాడు. "మాటంటే మాటేగా వదినా?"

"మాటే."

మార్చి 5

డాక్టరు వచ్చి చూశాడు. కుడికాలూ కుడిచెయ్యీ కదలవు, నోరు పెగలదు, అవి నాకూ తెలుసు. ఇవాళ ఆయన మొహం మీద దూదితో రాసి, "కుడిపక్క స్పర్శ లేదమ్మా. రావచ్చు, రాకపోనూవచ్చు" అన్నాడు.

దూది! దూది తగిలితే ఎవరికి తెలుస్తుంది? పేడు మొన తగిలినా పట్టుకునే చెంప అది. దూదికి పలకలేదని ఈయనగారు తీర్పు చెప్పేశాడు. చదువుకున్నాడు కదా అని ఏమీ అనలేదు. మందులు రాసిన కాగితం తీసుకుని పంపించేశాను.

మార్చి 8

మొదటి పిడి తయారైంది. మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. తలకింద దిండు ఎత్తు చేసి, ఎప్పట్లాగే కుడి చెంపకు ఆనించి, కొస నుంచి కొసకు లాగాను. చెయ్యి నాది, చెంప ఆయనది. అంతే తేడా.

ఏమీ అనలేదు. అనలేరు కూడా. కానీ మొహం ప్రశాంతంగా ఉంది, చిట్లించలేదు, ముడుచుకోలేదు. బాగుందనే కదా అర్థం? ఆయన తరఫున నేనే "పో" అన్నాను పిడితో.

కళ్ళు మాత్రం మూసుకోలేదు. నన్నే చూస్తూ ఉన్నారు. ఎడంచెయ్యి ఎత్తి పిడిని పట్టుకుని అటువైపుకి లాక్కోబోయారు. ఎడంచెయ్యికి ఇంకా పని అలవాటు కాలేదు, ఊరికే తడుముకుంటోంది.

మార్చి 9

ఇంకో రెండు. రెండూ "పో".

మార్చి 11

కూతుర్ని తిట్టాను. పనికి పోయే తొందరలో పొద్దున్నే నాన్నకి గడ్డం గీస్తుంది. కుడి చెంప మీద సన్నగా ఎర్రటి గీతలు, పిల్లి గీరినట్టు.

"మెల్లగా గీయలేవా? నీ బస్సు తప్పిపోతే కొంప మునుగుతుందా?"

"నేను గీరలేదమ్మా. నిజంగా. నాకంటే ముందే ఉన్నాయవి."

"మరి దేవుడొచ్చి గీరాడా?"

అది నావైపు ఓ చూపు చూసింది. టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఈ కాలం బ్లేడ్లే అంత, మొద్దువి. రేపటి నుంచి నేనే గీస్తాను.

మార్చి 12

మరిది మిషను పిడి ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. చూసి తరించమని. మెరుస్తోంది, కాదనను. "ఎండలో గంటసేపు దీంతో కొట్టి చూపించు. చెమటపట్టి జారి నీ కాలి మీదే పడుతుంది. జారకపోతే బొబ్బలెక్కుతాయి. నూనె తాగిన కర్ర చేతిని పట్టుకుంటుంది, వార్నిష్ వేసిన కర్ర చేతిని తోసేస్తుంది" అన్నాను.

"అబ్బో, ఉపన్యాసం" అన్నాడు.

"నీ ఇంట్లో సుత్తి తల ఊడితే బకెట్లో నానేస్తావట కదా?"

"అవును. బిగుసుకుంటుందిగా?"

"ఆ పూటకి. ఆరాక మళ్ళీ ఊడుతుంది, ఈసారి ఎవరి నెత్తి మీదో. మీ నాన్న నీకు ఇదేనా నేర్పింది?"

కోపం రాలేదు అతనికి. అదే నాకు కోపం. లోపలికెళ్ళి అన్నయ్య కాళ్ళు కాసేపు ఒత్తి వెళ్ళాడు. ఆయన పడిపోయిన రోజున ఆటో దాకా వీపు మీద మోసుకెళ్ళింది ఇతనే. అది నేను మర్చిపోలేదు. తాళంచెవికీ దానికీ సంబంధం లేదు.

మార్చి 15

ఇవాళ ఆయన బాగా మొండికేశారు. పిడి చెంప దగ్గరికి తీసుకెళ్ళగానే మొహం తిప్పేసుకున్నారు. నేను సరిచేశాను. మళ్ళీ తిప్పారు. ఎడంచేత్తో పిడిని గుంజి, అటు చెంప వైపు లాక్కుని, నోటితో ఆ, ఆ అని ఏదో అరిచారు. "ఎడమది కాదండీ, మీది ఎప్పుడూ కుడిచెంపే కదా" అన్నాను. మామగారి కాలం నుంచీ కుడిచెంపే. ఇప్పుడు ఎడమది అంటే నేను ఒప్పుకున్నట్టే కదా. ఆ దూది డాక్టరు చెప్పింది ఒప్పుకున్నట్టే.

ఒప్పుకోను. గడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పి, కదలకుండా పట్టుకుని, ఆనించి లాగాను. కిక్కురుమనలేదు.

"పో."

ఆయన కంట్లో నీళ్ళు తిరిగాయి. ఈ జబ్బులో ఊరికే ఏడుపొస్తుందని డాక్టరే చెప్పాడు.

మార్చి 18

సమ్మెట పిడులన్నీ క్వారీకి వెళ్ళిపోయాయి. మేస్త్రి ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూసి, "అన్న ఉన్నప్పట్లాగే ఉన్నాయక్కా" అన్నాడు.

"అన్న ఉన్నాడు. లోపలే ఉన్నాడు" అన్నాను.

నాలుక కరుచుకున్నాడు పాపం.

నూనె గుడ్డలు విప్పి విడివిడిగా తీగ మీద ఆరేశాను. కుప్పగా వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆయనకి నోరు పెగిలి ఉంటే ఈ పాటికి మూడుసార్లు గుర్తుచేసేవారు. చూశారా, గుర్తుంది నాకు. అన్నీ గుర్తున్నాయి.

మార్చి 19

తాళంచెవికి కొత్త తాడు కట్టి మెళ్ళో వేసుకున్నాను.

మార్చి 25

రాయాలా వద్దా అని కూర్చున్నాను. రాస్తాను. నాకు నేను చెప్పుకోకపోతే ఎవరికి చెబుతాను.

మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. చేతిలో మా సమ్మెట పిడి. తల ఊడదీసిన ఒట్టి పిడి.

"మావాళ్ళెవరూ ఏమీ అనలేదక్కా. వాళ్ళ చేతులు బండలు, వాళ్ళకేం తెలుస్తుంది. కొత్తగా ఒకామె చేరింది, చేతులింకా మెత్తన. బొటనవేలు పక్కన పేడు దిగిపోయింది. చీము పట్టి చెయ్యి ఇంత లావు వాచింది. నీకు చెప్పొద్దనే అనుకున్నా. కానీ మళ్ళీ ఇంకొకరికి..."

పిడి తీసుకుని అరచేత్తో తడిమాను. నునుపుగా ఉంది. మళ్ళీ తడిమాను. ఏమీ లేదు. "ఆమె ఇంకెక్కడో గుచ్చుకుని ఉంటుంది" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "రా, చూపిస్తా. మీ అన్న చెంపే చెబుతుంది."

లోపలికెళ్ళి, మేస్త్రి చూస్తుండగా, ఆయన కుడిచెంపకు ఆనించి కొస దాకా లాగాను. ఆయన కదలలేదు. నన్నే చూస్తున్నారు. "చూశావా, ఏమీ లేదు" అని మేస్త్రి వైపు తిరిగాను.

మేస్త్రి నన్ను చూడటం లేదు. ఆయన్ని చూస్తున్నాడు.

చెంప మీద, చెవి దగ్గర నుంచి కిందికి, పొడుగ్గా గీత. గీత వెంట రక్తం చిన్న చిన్న బొట్లుగా లేస్తోంది. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు.

ఆ గీతలు బ్లేడువి కావు. నావి. ఎడంచేత్తో పిడిని అటు లాక్కున్నది మొండితనం కాదు. ఆ చెంపకి తెలియదు, ఈ చెంపని అడుగు అని చెప్పారు. రోజూ చెప్పారు. నేను గడ్డం పట్టుకుని తిప్పాను.

మార్చి 26

కొట్టు తియ్యలేదు. కూతురు అన్నం కలిపి పెడితే తిన్నాను. "నువ్వు గీరలేదే, నేనే" అన్నాను దానితో. "తెలుసమ్మా" అంది. దానికి ఎప్పుడో తెలుసట. నోరెత్తితే నేను మీద పడతానని ఊరుకుందట. పడతాను కూడా.

మార్చి 27

మరిదికి కబురు ఎలా తెలిసిందో తెలిసింది. వచ్చి నిలబడ్డాడు. పీట మీద కూర్చోలేదు ఈసారి.

"వదినా, నేనేం గెలిచానని రాలేదు. కానీ మాటంటే మాట అన్నావు."

"అన్నాను."

"ఒక్కటి తిరిగొచ్చినా ఇస్తానన్నావు."

"అదీ అన్నాను. ఇప్పుడు ఇవ్వనంటున్నాను. రెండూ నా నోటితోనే అన్నాను, నీకేది కావాలో అది తీసుకో."

గుడ్లప్పగించి చూశాడు. "అదేం న్యాయం?"

"న్యాయం కాదు. ఇవ్వను, అంతే. ఒకామె చెయ్యి పాడుచేశాను. ఆ తప్పు కొట్టు నీకిచ్చేస్తే పోదు. నేను పంపినవన్నీ నేనే వెనక్కి తెప్పించి, నేనే బాగుచేసి పంపిస్తాను. నీ వార్నిష్ కింద దాక్కోను."

"సరే. బాగుచేస్తావు. ఆ తరవాత బాగుందని ఎవరు చెబుతారు? ఎవరి చెంపకు ఆనిస్తావు?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు.

"నువ్వెళ్ళిరా" అన్నాను.

మాట తప్పాను. ఈ ఇంట్లో కాలుపెట్టాక మొదటిసారి. తప్పితే తప్పాను. రాత్రి నిద్రపట్టదేమో అనుకున్నాను, పట్టేలాగే ఉంది.

మార్చి 28

మేస్త్రికి చెప్పి పిడులన్నీ వెనక్కి తెప్పించాను. "పని ఆగిపోతుందక్కా" అని గునిశాడు. "చెయ్యి వాచినప్పుడు ఆగలేదా?" అన్నాను. ఆ చెయ్యి వాచినామెకి మందూ కట్టూ పంపాను. ఏమందని మేస్త్రిని గుచ్చి గుచ్చి అడిగాను. "ముందే చూసుకుని చావొచ్చుగా అంది" అన్నాడు. సరిగ్గానే అంది.

ఆయన ఎడంచెంప బాగానే ఉంది. కానీ అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఈ గీతలు మానేదాకా ఆ మొహం దగ్గరికి కర్రముక్క తీసుకెళ్ళను.

మిగిలింది నా చెంపే. కొత్తగా వచ్చినప్పుడు ఒకసారి సరదాకి పిడి చెంపకు ఆనించుకుంటే మామగారు లాక్కున్నారు. "ఆడవాళ్ళ చెంప మెత్తన. దానికి అన్నీ గుచ్చుకుంటాయి. నీ చెంప మాట వింటే ఈ కొట్లోంచి ఒక్క పిడీ బయటికి పోదు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు తలుచుకుంటే చిరాకొస్తోంది.

తలుపు దగ్గరికేసి, మేస్త్రి మొదట తెచ్చిన ఆ పిడినే తీసుకుని ఆనించుకున్నాను. సగం కూడా లాగకముందే చురుక్కుమంది. అరచేతికి అందనిది, అంత సన్నం. గుచ్చుకోవాలి, మామగారూ! గుచ్చుకోవడమే దాని పని.

మార్చి 30

ఆయన "పో" అన్న పాత పార పిడి ఒకటి నూనె పట్టించడానికి వచ్చింది. దాన్నీ ఆనించి చూశాను. దాంట్లోనూ పేడు ఉంది. ఆయనకి చెప్పాను. మొహం మాడ్చుకున్నారు. బాగున్నప్పటిలాగే మాడ్చుకున్నారు, నాకు భలే సంతోషమేసింది.

మార్చి 31

చెంప మండుతోంది. మండనీ.

ఏప్రిల్ 2

మేస్త్రి పిడులు తీసుకెళ్ళడానికి వచ్చాడు. వెనకాలే మరిది. ఇద్దరూ కూడబలుక్కునే వచ్చారో ఏమో. ఆయన్ని మంచం మీంచి లేపి, కొట్లోకి తీసుకొచ్చి, కుర్చీలో దిండ్లు ఆనించి కూర్చోబెట్టింది కూడా మరిదే. తను మాత్రం పీట లాక్కుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, నువ్వే తేల్చు. వదిన మాట తప్పింది, నేను గొడవ చెయ్యలేదు. కానీ కొట్టుకి ఒక చెంప ఉండాలి. నీ ఎడంచెంప బాగుంది. ఇదిగో, వదిన పూర్తి చేసిన పిడి. నువ్వు చూసి సరే అంటే కొట్టు వదినదే, నేను నోరెత్తను. కాదన్నావో, తాళంచెవి నాకివ్వాలి."

న్యాయంగానే ఉంది. అందుకే నాకు భయమేసింది. అతనిచ్చిన పిడి గుట్టలో అన్నిటికంటే పైనది, పొద్దున్నే నూనె ఆరింది. నేనింకా ఆనించుకుని చూడలేదు. ఆ మాట అప్పుడు చెబితే సాకులా ఉంటుంది. చెప్పలేదు.

ఆయన ఎడంచేత్తో పిడి అందుకున్నారు. తన చెంప వైపు ఎత్తుతారని ముగ్గురం చూస్తున్నాం. ఎత్తలేదు. ఇటు చాపారు. పిడి కొస నా మొహం మీదికి వచ్చింది. నేను వెనక్కి జరగబోతే ఆ, అని గట్టిగా ఒక్క అరుపు. కదలొద్దని. ఆ అరుపు నాకు తెలుసు, అర్థం కాకపోవడం అంటూ ఇంక లేదు.

నా కుడిచెంపకు ఆనించారు. మెల్లగా లాగారు. నేను కళ్ళు మూసుకున్నాను.

నున్నగా వస్తోంది. సగం వచ్చింది. ముప్పాతిక వచ్చింది. దేవుడా, ఇంక కొంచెం, అనుకున్నాను. సరిగ్గా చెయ్యి పట్టే చోటు దాటాక, కొస దగ్గర, ఉందో లేదో అన్నట్టు చిన్న చురుకు. ఎవరికీ తెలియదు. మేస్త్రికి తెలియదు, మరిదికి తెలియదు. "పో" అంటే పోతుంది. కొట్టూ తాళంచెవీ అన్నీ నావైపోతాయి.

కళ్ళు తెరిచాను. ఆయన నన్నే చూస్తున్నారు. ఈసారి ఆ చూపు నేను సరిగ్గానే చదివాను.

"ఇంకా ఉంది" అన్నాను.

ఆయన మూతి ఎడంవైపుకి, ఆ పనిచేసే సగం మాత్రం, సాగింది. నవ్వారు. పిడిని ఎప్పట్లాగే నా ఒళ్ళో పడేశారు.

"అదేంటి వదినా, నీ పిడిని నువ్వే కాదన్నావు?" అన్నాడు మరిది. నోరు తెరుచుకునే ఉంది.

"ఉంటే ఉందనక ఏమనమంటావు?"

అన్నయ్య మొహం చూశాడు, నా మొహం చూశాడు. "ఏవయ్యా మేస్త్రీ, నువ్వు రేపు రావయ్యా. ఇవాళ ఈవిడ ఒక్కటీ వదిలేలా లేదు" అన్నాడు. అని, పీట మీంచి లేచాడు.

ఆ పీట మీద నేను కూర్చున్నాను. గాజుపెంకు తీసి ఆ కొస గీకాను. తడిగుడ్డతో తుడిచాను. రేపు నూగు ఆరాక మళ్ళీ గీకాలి. ఆయన కుర్చీలో అలాగే కూర్చుని చూస్తుంటే, మరిది పక్కన నిలబడి పిడులు ఒక్కొక్కటే అందించాడు, నేను ఒక్కొక్కటే చెంపకు ఆనించుకున్నాను. ఏడు "పో" అన్నాను. రెండు ఒళ్ళో పడేసుకున్నాను.

తాళంచెవి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా ఇవ్వను.